పల్లవి చూసి మోసపోకండి: స్టేజీ మీద పాడేందుకు తొమ్మిది సినిమా పాటల పోలిక

సంక్రాంతికి మూడు వారాల ముందు నుంచే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, మా టెన్త్ బ్యాచ్ అందరం కలుస్తున్నాం. ఒక పాట పాడాలి. ఏది పాడమంటావ్?" కావలి నుంచి ఒకడు, ఒంగోలు నుంచి ఇంకొకడు, వేదాయపాళెం నుంచి మా చిన్నమ్మ కూతురు. అందరిదీ ఒకటే ప్రశ్న. ఫోన్లో నాలుగైదు పాటలు రాసి పెట్టుకుని ఉంటారు, ఒక్కటీ తేల్చుకోలేరు.

నేను గాయకుణ్ణేం కాదు. నెల్లూరులో ఆదివారం సాయంత్రాలు కరోకే పాడుకునే చిన్న గుంపులో ఒకణ్ణి. పెళ్లి రిసెప్షన్లలో, బ్యాచ్ మీటింగుల్లో ఏ పాటకి జనం చప్పట్లు కొట్టారో, ఏ పాటకి లేచి భోజనాల వైపు నడిచారో పదేళ్లుగా చూస్తున్నాను. నాకున్న అర్హత అదే. ఇంకోటి కూడా ఉంది, ఒకసారి బాగా బోల్తా కొట్టాను.

మా బ్యాచ్ మీటింగులోనే. శంకరాభరణంలోని "శంకరా నాదశరీరాపరా" ఎత్తుకున్నాను. పల్లవి బ్రహ్మాండంగా వచ్చింది. ముందు వరుసలో మా లెక్కల మాస్టారు తల కూడా ఊపారు. చరణంలోకి వెళ్లేసరికి ఊపిరి అయిపోయింది. మనిషి తబలా వాయిస్తుంటే మన మొహం చూసి కాస్త ఆగుతాడు. ట్రాకు ఆగదు. రెండు లైన్లు నన్ను వదిలేసి ముందుకెళ్లిపోయింది. ఏం చేయాలో తోచక, మీరూ పాడండి అన్నట్టు మైకు జనం వైపు తిప్పాను. ఒక్కరూ పాడలేదు. వెనకాల బెంచీ నుంచి ఒకడు అరిచాడు: "ఏంది సామీ, చరణం యాడ పోయింది?" ఇప్పటికీ మా వాట్సాప్ గ్రూపులో నా పేరు "పల్లవి మాస్టారు".

అందుకే ఎవరడిగినా ముందు చరణం గురించే చెప్తాను. సినిమా పాట మన నోట్లో ఆడేది పల్లవిగానే. ఇల్లు ఊడుస్తూ, బండి నడుపుతూ మనం పాడుకునేది ఆ రెండు లైన్లే. స్టేజీ మీద పరువు పోయేది మాత్రం చరణం దగ్గర.

ఏమేం చూసుకోవాలి

మొదటిది చరణం ఎంత పైకి వెళ్తుందన్నది. ట్రాకు పెట్టకుండా, అసలు పాట వినకుండా, రెండో చరణం ఒక్కటే ఇంట్లో గట్టిగా పాడి చూడండి. పై స్థాయి దగ్గర మెడ నరాలు బిగుసుకుంటున్నాయంటే ఆ శ్రుతి మీది కాదు. ట్రాకు శ్రుతి దించొచ్చు. ఫోన్లో దొరికే కరోకే యాప్‌లు చాలావరకు ఆ పని చేస్తాయి. కానీ రెండు మూడు మెట్లు దాటి దించితే వయొలిన్లు బొంగురుపోయినట్టు వినిపిస్తాయి. పైగా పల్లవి మరీ కిందికి దిగిపోయి నోట్లోనే గొణుక్కున్నట్టు ఉంటుంది.

రెండోది ఊపిరి. లైను లైనుకీ మధ్య గాలి పీల్చుకునే చోటు ఉందా? కొన్ని పాటలు వినడానికి నెమ్మదిగానే ఉంటాయి, పాడితే తెలుస్తుంది ఒక్కో లైను ఎంత పొడవో. మా గుంపులో ఒకాయన పాట కాగితం మీద ఊపిరి తీసుకునే చోటల్లా ఎర్ర పెన్నుతో గీత పెట్టుకుంటాడు. మొదట్లో నవ్వేవాళ్లం. ఇప్పుడు అందరం పెట్టుకుంటున్నాం.

మూడోది హాల్లో కూర్చున్నవాళ్ల వయసు. 1990 బ్యాచ్‌కి నచ్చేది 2015 బ్యాచ్‌కి నచ్చదు. షష్టిపూర్తిలో అయితే మూడు తరాలూ ఉంటాయి, అక్కడే అసలు చిక్కు.

నాలుగోది చాలామంది మర్చిపోతారు. సినిమాలో ఆ పాట ఎప్పుడొస్తుంది? మా బంధువుల అబ్బాయి రిసెప్షన్లో ఒకతను గీతాంజలిలోని "ఆమనీ పాడవే హాయిగా" పాడాడు. బాగానే పాడాడు. కానీ ఆ సినిమాలో హీరోకీ హీరోయిన్‌కీ ఇద్దరికీ ప్రాణం మీదికొచ్చిన జబ్బే. మా పెద్దమ్మ సినిమా చూసిన మనిషి. పాట అయ్యేదాకా ఉగ్గబట్టుకుని, అవగానే "పెళ్లి పూట ఈ పాటేందిరా" అనేసింది. పెళ్లికొడుకు వాళ్లమ్మ మొహం చూడలేకపోయాం.

నిడివి గురించి ఎక్కువ చెప్పను. నాలుగున్నర నిమిషాలు దాటితే ఒక చరణం కోసేయండి.

ఒక్క చూపులో

| పాట | సినిమా | చరణం | ఊపిరి | ఎక్కడ పనికొస్తుంది |
|---|---|---|---|---|
| మనసున మల్లెల | మల్లీశ్వరి, 1951 | మధ్యస్థం | కష్టం | పెద్దల సభ, షష్టిపూర్తి |
| శివశంకరీ | జగదేకవీరుని కథ, 1961 | చాలా కష్టం | చాలా కష్టం | నేర్చుకున్నవాళ్లకే |
| పాడుతా తీయగా | మూగమనసులు, 1964 | తేలిక | తేలిక | దాదాపు ఎక్కడైనా |
| మనసు గతి ఇంతే | ప్రేమ్‌నగర్, 1971 | మధ్యస్థం | తేలిక | బ్యాచ్ మీటింగు మాత్రమే |
| శంకరా నాదశరీరాపరా | శంకరాభరణం, 1980 | చాలా కష్టం | చాలా కష్టం | నా గతి చూశారుగా |
| జాబిల్లి కోసం | మంచి మనసులు, 1986 | మధ్యస్థం | తేలిక | దాదాపు ఎక్కడైనా |
| అబ్బనీ తీయని దెబ్బ | జగదేకవీరుడు అతిలోకసుందరి, 1990 | మధ్యస్థం | కష్టం | సంగీత్, జంట ఉంటే |
| ప్రియతమా నీవచట కుశలమా | గుణ | మధ్యస్థం | తేలిక | జంట, బ్యాచ్ మీటింగు |
| సామజవరగమన | అల వైకుంఠపురములో, 2020 | మధ్యస్థం | మధ్యస్థం | కుర్రాళ్ల గుంపు |

"నాటు నాటు" ఇందులో ఎందుకు లేదో కింద చెప్తాను.

పాడుతా తీయగా, మనసు గతి ఇంతే: రెండూ ఆత్రేయవే, రెండూ వేరు

ఆచార్య ఆత్రేయ మనవాడే. సూళ్లూరుపేట దగ్గర మంగళంపాడులో పుట్టాడు. 2022లో జిల్లాలు విడగొట్టాక ఆత్రేయది తిరుపతి జిల్లా, ప్రేమ్‌నగర్ తీసిన కారంచేడు రామానాయుడిది బాపట్ల జిల్లా అయిపోయాయి. మేం ఒప్పుకోం, అది వేరే సంగతి. రాయకుండా నిర్మాతల్ని, రాసి ప్రేక్షకుల్ని ఏడిపిస్తాడని ఆత్రేయ మీద పాత జోకు ఒకటుంది. స్టేజీ మీద పాడేవాణ్ణి మాత్రం ఏడిపించడు. మాటలు చిన్నవి, నోరు తిరగనివి ఉండవు.

"పాడుతా తీయగా" కె.వి. మహదేవన్ బాణీ, ఘంటసాల పాడారు. పైస్థాయికి ఎగబాకే పని పెద్దగా లేదు. నెమ్మదిగా, జోలపాటలా సాగుతుంది. గాలి పీల్చుకోవడానికి కావలసినంత చోటుంది. మూడు చరణాల్లో ఒకటి వదిలేసినా ఎవరూ అడగరు. ఒక్క జాగ్రత్త. సినిమాలో పడవ నడిపే కుర్రాడు పాడే పాట కాబట్టి "సల్లగా" అనే రాశాడు ఆత్రేయ. చదువుకున్నవాళ్లు స్టేజీ ఎక్కి దాన్ని "చల్లగా" అని దిద్దేస్తుంటారు. అలా దిద్దితే ఆ కుర్రాడు పోయి మీరు మిగులుతారు. ఇంకో లాభం ఉంది. బాలు గారు ఏళ్ల తరబడి టీవీలో నడిపిన పాటల పోటీకి పెట్టుకున్న పేరు ఈ పాట మొదటి మాటే. సినిమా చూడని పిల్లలకి కూడా ఆ రెండు మాటలు తెలుసు.

"మనసు గతి ఇంతే" కూడా పాడేవాడికి తేలికగానే అనిపిస్తుంది. బ్యాచ్ మీటింగులో, భోజనాలయ్యాక, యాభై దాటిన మగవాళ్లు పది మంది ఉంటే దీనికి తిరుగులేదు. నలుగురు వచ్చి భుజాల మీద చేతులేసి తామూ అందుకుంటారు. పెళ్లిలో మాత్రం వద్దే వద్దు. ప్రేమ పోగొట్టుకుని గ్లాసు పట్టుకున్నవాడి పాట అది. పెళ్లికూతురి తండ్రి ఎదుట పాడితే ఆయన వేరే అనుమానాలు పడతాడు.

ఈ రెండింట్లో ఎటూ తేల్చుకోలేకపోతే మొదటిదే పాడండి. రెండోది సందర్భం కుదిరితేనే.

శివశంకరీ, శంకరా: మనసు పడొచ్చు, మైకు పట్టకూడదు

పెండ్యాల బాణీలో ఘంటసాల పాడిన "శివశంకరీ" దర్బారీ కానడ రాగం. తెలుగువాడై ఉండి ఆ పాట అంటే చెయ్యి జోడించనివాడు ఉండడు. దాన్ని మామూలు మనిషి ఎత్తుకుంటే జనం మన గొంతు వినరు, ఆయన గొంతు గుర్తు తెచ్చుకుని పోల్చుకుంటారు. నిడివి కూడా పెద్దదే.

"శంకరా నాదశరీరాపరా" ఇంకా మోసం చేస్తుంది, పల్లవి అందుతుంది కాబట్టి. మధ్యమావతి రాగం, వేటూరి సాహిత్యం. బాలు శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోకుండానే ఆ సినిమాకి పాడి, జాతీయ అవార్డు తెచ్చుకున్నారని చెప్పుకుని ధైర్యం తెచ్చుకుంటాం. ఆ లెక్క మనకి వర్తించదు. నెల్లూరు తిప్పరాజువారి వీధిలో ఆయన ఇంటి ముందు నుంచి రోజూ వెళ్లొచ్చినా అంటుకునే విద్య కాదది. 2020 ఫిబ్రవరిలో ఆ ఇంటిని వేదపాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు. ఆ ఏడాది సెప్టెంబర్‌లో ఆయనే వెళ్లిపోయారు. ఇప్పటికీ ఆ వీధిలోకి మలుపు తిరిగినప్పుడు నేను బండి నెమ్మది చేస్తాను.

సంగీతం నేర్చుకున్నవాళ్లయితే ఈ రెండింట్లో శంకరా మేలు. హాల్లో ఎక్కువ మందికి తెలిసిన పాట. పల్లవికి చప్పట్లు పడితే చరణానికి ధైర్యం వస్తుంది.

జాబిల్లి కోసం: అడిగినవాళ్లలో సగం మందికి నేను చెప్పేది

ఇళయరాజా బాణీ, ఇదీ ఆత్రేయ రాసిందే. ఎందుకు చెప్తానంటే, ఈ పాట చరణం చిన్న చిన్న ముక్కలుగా మొదలవుతుంది. రెండేసి మాటలు, చిన్న విరామం, మళ్లీ రెండు మాటలు. గాలి అయిపోయే ప్రసక్తి లేదు. ఆ ముక్కల్లో నిలదొక్కుకున్నాక అప్పుడు పొడవు లైను వస్తుంది. పాడేవాడి మీద జాలిపడి కట్టారా అనిపిస్తుంది.

ఇంకోటి. దీన్ని బాలు పాడారు, జానకి కూడా విడిగా పాడారు. అందుకని మగవాళ్ల శ్రుతికీ ఆడవాళ్ల శ్రుతికీ వేర్వేరు ట్రాకులు దొరుకుతాయి. ఇది చిన్న లాభం కాదు. మగగొంతు పాటని ఆడవాళ్లు పాడాలంటే ట్రాకు పైకి లాగాలి, లాగితే అది బొమ్మల సినిమా పాటలా తయారవుతుంది.

లోటు లేకపోలేదు. ఇది అందరికీ తెలిసిన కిటుకే కాబట్టి ప్రతి కార్యక్రమంలోనూ ఎవరో ఒకరు పాడేస్తారు. పాటల జాబితా ఎవరి దగ్గరుందో ముందే కనుక్కోండి. మీకంటే ముందు ఇంకొకరు అదే పాడి దిగితే, మీరెంత బాగా పాడినా రెండో కాఫీయే.

ప్రియతమా నీవచట కుశలమా: మాటలు చెప్పగలిగితేనే

గుణ సినిమా తెలుగు పాట. రాసింది వెన్నెలకంటి, నెల్లూరులో పుట్టినాయన. బ్యాంకు ఉద్యోగం చేసి పాటల్లోకి వెళ్లారు. తెలుగులో పాడింది బాలు, శైలజ. ప్రేమలేఖ పాటని అన్నాచెల్లెళ్లు పాడారని తెలిసిన రోజు మా గుంపులో పెద్ద చర్చ జరిగింది. గొంతుకి చుట్టరికాలు ఉండవని ఒకాయన తేల్చేశాడు.

2024లో మలయాళం సినిమా మంజుమ్మల్ బాయ్స్‌లో దీని తమిళ పాట వాడుకున్నారు. దాంతో కాలేజీ పిల్లలకి కూడా ఈ బాణీ తెలిసిపోయింది. అలా ఇది మూడు తరాలకీ అందే పాట అయింది. షష్టిపూర్తికి ఇలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని దొరుకుతాయి.

బాణీ తేలికే. చరణాల్లో ఎగురుడు లేదు. చిక్కంతా మధ్యలో వచ్చే మాటల దగ్గర. అతను చెప్తుంటాడు, ఆమె ఉత్తరంగా చదువుతుంటుంది, అట్లా మాటే పాట అయిపోతుంది. ఆ మాటలు ట్రాకు మీద సరిగ్గా ఇన్ని క్షణాల్లో అయిపోవాలి. మా గుంపులో ఒక జంట రెండు నెలలు సాధన చేశారు. ఆయన బాగా పాడతాడు, మాటలు మాత్రం బడిపిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు చెప్తాడు. చివరికి ఆవిడే చిట్కా కనిపెట్టింది: "నన్ను చూసి చెప్పొద్దు. కూరలేమేం తేవాలో నాకు ఫోన్లో చెప్తావే, అట్టా చెప్పు." అంతే, కుదిరిపోయింది. టౌన్ హాల్లో పాడినప్పుడు మాటల దగ్గరే చప్పట్లు పడ్డాయి.

భార్యాభర్తలకి "అబ్బనీ తీయని దెబ్బ" కంటే నేను దీన్నే సిఫార్సు చేస్తాను. "అబ్బనీ" బో హుషారు పాట, కాదనను. కానీ ఒకరి లైను అయీ అవకముందే ఇంకొకరు అందుకోవాలి. ఒకరు తడబడితే ఇద్దరూ మునుగుతారు. పైగా వేటూరి అందులో సరసం గట్టిగానే దట్టించారు. సంగీత్‌లో కుర్రకారు ముందు పర్వాలేదు. మామగారు ముందు వరుసలో ఉంటే మీ ఇష్టం.

మనసున మల్లెల

ఈ పాట పాడిన భానుమతి పుట్టింది ఒంగోలు దగ్గర దొడ్డవరంలో. కాబట్టి ప్రకాశం జిల్లా ఆడవాళ్లు ఎవరైనా అడిగితే ఈ పాట ఒకసారి ప్రయత్నించమంటాను. ఎస్. రాజేశ్వరరావు బాణీ, కృష్ణశాస్త్రి మాట. వాయిద్యాల హోరు లేదు, గొంతు ఒంటరిగా నిలబడాలి. శ్రుతి వెంట్రుకవాసి తప్పినా తెలిసిపోతుంది. అయితే బాగా పాడితే హాలు చప్పట్లు కొట్టడం కూడా మర్చిపోయి కూర్చుంటుంది. షష్టిపూర్తికి మంచిది, డీజే పెట్టిన చోట వృథా.

కొత్త పాటలు

"సామజవరగమన" తమన్ బాణీ, సిరివెన్నెల రాసింది. ఆ మాట త్యాగరాజుది. ఆయన ఇంటిపేరు కాకర్ల, ఆ కాకర్ల మన పాత ప్రకాశం జిల్లా అర్ధవీడు వైపు ఊరేనంటారు. అంచేత ఒంగోలు కుర్రాళ్లు దీన్ని సొంతం చేసుకున్నా తప్పులేదు. పాడటానికి మరీ కష్టం కాదు. కాకపోతే అందరూ సినిమాలో పాడిన సిద్ శ్రీరామ్ ఉచ్చారణని కూడా అనుకరిస్తారు. బాణీ తీసుకోండి, పలుకు మీదే ఉంచుకోండి.

"నాటు నాటు" పట్టికలో పెట్టకపోవడానికి కారణం అది పాడే పాట కాదు, ఆడే పాట. కీరవాణి, చంద్రబోస్‌లకి 2023లో ఆస్కార్ తెచ్చిన పాటే, కాదనేవాళ్లెవరూ లేరు. రికార్డులో రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ ఇద్దరు పాడారు. మీరొక్కరే పాడితే రెండో చరణానికి డాక్టరు కావాలి. అసలు పాటే పెట్టి పిల్లల చేత డాన్సు వేయించండి.

మీరెవరో చెప్తే

మొదటిసారి స్టేజీ ఎక్కే మగవాళ్లు "పాడుతా తీయగా" పాడండి. మొదటిసారి ఎక్కే ఆడవాళ్లకి జానకి పాడిన "జాబిల్లి కోసం". గొంతు బాగుండి టెన్షన్ ఎక్కువున్నవాళ్లు జంట పాటకి వెళ్లండి. పక్కన మనిషి ఉంటే కాళ్లు వణకవు. గొంతు మామూలుగా ఉండి ధైర్యం ఎక్కువున్నవాళ్లకి నేను చెప్పినా వినరు, వాళ్లు "శివశంకరీ"యే పాడతారు.

వేదాయపాళెం చెల్లెలికి "జాబిల్లి కోసం" ఒక మెట్టు దించి ఇచ్చాను. కావలి వాడు "మనసు గతి ఇంతే" అంటే, భోజనాల ముందా తర్వాతా అని అడిగి సరే అన్నాను. ఒంగోలు వాడు ఇంకా తేల్చుకోలేదు.

చివరగా ట్రాకు సంగతి. పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఫోన్లో ఒకటి పెట్టుకోండి. ఫోన్ నుంచే పెట్టేటట్టయితే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి సౌండ్ అబ్బాయి చేతికివ్వండి. కిందటేడు ఒకాయన మర్చిపోయాడు. "పాడుతా తీయగా" రెండో చరణం మధ్యలో వాళ్లావిడ ఫోన్ చేసింది. హాలంతా వెంకటేశ్వర సుప్రభాతం మోగింది. పెద్దవాళ్లు ఇద్దరు చెప్పులు విడిచారు కూడా.